బడికి ఫీజు లేదు... పెద్దకూతురికి తీరిక లేదు

మలావీలో ప్రాథమిక విద్య ఉచితమై మూడు దశాబ్దాలు దాటింది. ఇంటికి పెద్దపిల్లగా పుట్టిన అమ్మాయికి మాత్రం ఆ చదువు ఇప్పటికీ ఖరీదే!

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో తెల్లారకముందే బోరింగు దగ్గర బకెట్లు వరసకడతాయి. ఇరవై లీటర్ల నీళ్లు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చిన పెద్దకూతురు వాకిలి ఊడ్చాలి, తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ తయారుచేయాలి. అమ్మ మొక్కజొన్న చేనుకి బయల్దేరితే చంటిపిల్ల అక్క వీపుకెక్కుతుంది. 'చితెంజె' అనే రంగుల గుడ్డతో పిల్లను వీపుకి బిగించి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునేసరికి బడిగంట మోగిపోతుంది. సాయంత్రం మళ్లీ న్సీమా వండాలి. మన సంకటిలాగే, మరుగుతున్న నీళ్లలో పిండి పోసి గట్టిపడేదాకా తెడ్డుతో కెలకాలి. అది దించాక కానీ పుస్తకం గుర్తురాదు. అప్పటికి చీకటి పడిపోతుంది.

చేరినవాళ్లు లక్షలు...

1994లో బకిలి ములుజి ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేసింది. పిల్లల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి ఒక్కసారిగా 30 లక్షలకు చేరింది. అయితే ఒకటో తరగతిలో కిక్కిరిసిన గది, ఎనిమిదికి వచ్చేసరికి పల్చబడుతుంది. ఫీజు రద్దయింది కానీ ఇంటిపని రద్దు కాలేదు మరి. ప్రపంచవ్యాప్తంగా 5-14 ఏళ్ల ఆడపిల్లలు మగపిల్లలకంటే 40 శాతం ఎక్కువ సమయం ఇంటిపనికే పెడుతున్నారని యునిసెఫ్ 2016లో లెక్కతేల్చింది.

చిత్రమేమిటంటే, మధ్య మలావీలోని చేవా తెగలో వంశం తల్లివైపు నుంచి లెక్కిస్తారు. భూమి కూతుళ్లకే దక్కుతుంది, పెళ్లయ్యాక అల్లుడే అత్తవారి ఊరికి రావడం ఆచారం. పొలానికి వారసురాలైనా పనిభారం మాత్రం ఆమెను వదలదు.

ఆకలి నెలలు

డిసెంబరు నుంచి మార్చి దాకా గడ్డుకాలం. పాత గింజలు నిండుకుంటాయి, కొత్త పంట చేతికి రాదు. పెద్దవాళ్లు 'గన్యు'కి, అంటే పక్కవాళ్ల చేలల్లో కూలికి వెళ్తారు. ఇల్లు పెద్దమ్మాయి చేతుల్లో పడుతుంది. ఒక కంచం తగ్గుతుందన్న ఆలోచనతో పెళ్లి మాటలు నడిచే ఇళ్లూ ఉంటాయి. పెళ్లికి 18 ఏళ్లు నిండాలని 2015లో చట్టం చేశారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పదిహేనేళ్లకే చేయొచ్చన్న వెసులుబాటును 2017లో రాజ్యాంగం నుంచే తీసేశారు. అంతకుముందే డెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోటో అనే మహిళా నాయకురాలు వందల బాల్యవివాహాలను రద్దుచేసి, ఆ పిల్లల్ని బడికి పంపించారు.

ఎవరి చేతికి డబ్బు?

జోంబా జిల్లాలో 2008-09లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పెళ్లికాని అమ్మాయిల కుటుంబాలకు నెలనెలా కొంత సొమ్ము ఇస్తూ, కొంత నేరుగా ఆ అమ్మాయి చేతిలోనే పెట్టారు. బడికి వెళ్లాలన్న షరతు ఉన్నచోట చదువు మానేసినవాళ్లు బాగా తగ్గారు. షరతు లేనిచోట చదువు మీద ఫలితం కొంతే అయినా, చిన్నవయసు పెళ్లిళ్లూ గర్భాలూ తగ్గాయి. బడి మానేసిన పిల్లకీ ఆ డబ్బు ఆసరా అయిందన్నమాట.

డబ్బుతో పాటు ఆమెకు కావాల్సింది తీరిక. పల్లెల్లో స్థానికులే స్వచ్ఛందంగా నడిపే పసిపిల్లల కేంద్రాలున్నాయి. వాటి ఖర్చును శిశు సంక్షేమం పద్దులో రాస్తుంటారు. ఆ కేంద్రం తెరిచి ఉన్నంతసేపూ చంటిదాన్ని ఎత్తుకునే పని అక్కకు తప్పుతుంది కాబట్టి, ఆ ఖర్చులో సగం ఆడపిల్లల విద్య పద్దులోనూ రాయాలి. ఊళ్లో మరో బోరింగు వేసినా అంతే!