హీరోగారి చెవులు ఏమయ్యాయి?

అభిమానికి కోపం ఎప్పుడొస్తుంది? సినిమా ఫ్లాపయితే రాదు. దర్శకుణ్ణి నాలుగు తిట్టి ఊరుకుంటాడు. టిక్కెట్టు దొరక్కపోయినా రాదు. సెకండ్ షోకి వెళ్తాడు. కానీ తను రాత్రంతా మేలుకుని అంటించిన పోస్టరుని ఎవరైనా ముట్టుకున్నారా... ఇక చూడండి తమాషా!

2025 జనవరిలో దేశదేశాల కుర్రకారుకి సరిగ్గా అలాంటి కోపమే వచ్చింది. గోడ మాత్రం సిమెంటుది కాదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైలు పేజీ!

ఇంతకీ జరిగిందేమిటి?

2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ పుట్టినప్పుడు దానికి అచ్చొచ్చిన ఆకారం చతురస్రం. 2015లో పొడుగు ఫోటోలు, అడ్డం ఫోటోలు కూడా పెట్టుకోనిచ్చారు గానీ, ప్రొఫైలు పేజీలో మాత్రం వరసకి మూడేసి చొప్పున చదరపు గళ్ళే ఉండేవి. పదిహేనేళ్ళకు దగ్గరగా జనం కళ్ళు ఆ గళ్ళకి అలవాటు పడిపోయాయి. 2025 జనవరిలో ఆ గళ్ళు నిలువుగా పొడుగయ్యాయి. చతురస్రాన్ని సన్నటి గడిలో ఇరికిస్తే ఏమవుతుంది? అటూ ఇటూ అంచులు ఎగిరిపోతాయి. ఇద్దరు నిలబడి దిగిన ఫోటోలో చెరో భుజం పోతుంది. బొమ్మ మీద రాసిన పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం గల్లంతు!

జువ్వలదిన్నెలో అభిమాన సంఘం

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు జువ్వలదిన్నె. చేపల రేవు దగ్గర వలలు బాగుచేసుకుంటున్న కుర్రాళ్ళతో కబుర్లలో పడ్డాను. వాళ్ళ హీరో ఎవరో చెప్పను. చెబితే రెండో హీరో అభిమానులు నా మీద అలుగుతారు!

"మా హీరో మొగం చెవుల కాడికి కోసేసినారన్నా!" అన్నాడు ఒకతను ఫోను చూపిస్తూ.

చూశాను. నిజమే! వీళ్ళు ఒకే బొమ్మని తొమ్మిది ముక్కలు చేసి, కింది వరస నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చారు. అన్నీ కలిసి పేజీలో హీరో నిండు మొహం కనపడాలి. ఇందులో ఇంకో కిటుకుంది. తర్వాత ఒక్క ఫోటో కొత్తగా పెట్టినా బొమ్మ మొత్తం ఒక గడి పక్కకి జరిగిపోతుంది. అందుకని ఏది పెట్టినా మూడేసి పెట్టాలి. ఇంత లెక్కతో కట్టిన మొహంలో ఇప్పుడు ముక్కకీ ముక్కకీ మధ్య కొంత కొంత మాయం!

పాత రోజుల్లో సిక్స్ షీటు, ట్వెంటీఫోర్ షీటు పోస్టర్లు అంటించేవాళ్ళని మీ నాన్నగారిని అడగండి, చెబుతారు. కాగితాలు విడివిడిగా వచ్చేవి. మైదాపిండి ఉడకబెట్టి, నిచ్చెనెక్కి, మీసానికి మీసం కలిసేలా అంటించేవాళ్ళు. అంగుళం తేడా వస్తే హీరోకి మూతి వంకర! ఈ కుర్రాళ్ళు చేసిందీ అదే పని. మైదా లేదు, నిచ్చెన లేదు, అంతే.

"ఎన్ని దినాలు కూర్చోని చేసినామో తెలుసునా?" అని అతనడిగితే జవాబు చెప్పలేకపోయాను.

పక్కనున్న ఇంకొకడు ఒప్పుకోలేదు. "నిలువైతేనే మేలన్నా. మా బోటు జెండా కాడి నుంచి నీళ్ళ దాకా పడతాది. ఇంతకు ముందు జెండా కనపడేదే కాదు" అన్నాడు. ఇదీ న్యాయమే! ఒక చేత్తో పని చూసుకుంటూ ఇంకో చేత్తో ఫోను పట్టుకునేవాడు దాన్ని నిలువుగానే పట్టుకుంటాడు మరి.

పెద్దాయన మాట

ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి చెప్పిన కారణమూ అదే. ఇప్పుడు జనం పెట్టే ఫోటోలు, వీడియోలు ఎక్కువ భాగం నిలువువే, వాటిని చతురస్రంగా నరకడం బాగాలేదని ఆయన వాదన. అయితే ముందుగా చెప్పకుండా మార్చడం సరి కాలేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. గడిలో ఏ భాగం కనపడాలో ఎవరికి వాళ్ళు సర్దుకునే వీలూ ఉంది. ఒంటి ఫోటోకి అది చాలు. తొమ్మిది ముక్కల మొహానికి మాత్రం ఏ సర్దుబాటూ చాలదు!

ఇలాంటి గోల కొత్తదేం కాదు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ పెట్టినప్పుడు లక్షలమంది అదే ఫేస్‌బుక్‌లో గుంపు కట్టి ఎదురు తిరిగారు. 2011లో ప్రొఫైలు పేజీని టైమ్‌లైన్‌గా మార్చినప్పుడూ సణిగారు. ఆ తర్వాత? పేజీ నెత్తిన వచ్చిన ఆ పెద్ద కవర్ ఫోటో జాగాలోనే మనవాళ్ళు హీరోల స్టిల్స్ పెట్టి మురిసిపోయారు!

వెండితెర చెప్పే పాఠం

ఆకారం మారడం మన సినిమాకి తెలియనిదా? 1974లో కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగు తెర సినిమాస్కోప్ అయింది. 1986లో 'సింహాసనం' 70 ఎం.ఎం.కి ఎక్కించింది. తెర వెడల్పయితే జనం కొట్లాడలేదు, ఎగబడ్డారు. ఎందుకంటారు? కొత్త కొలత కొత్త సినిమాకి. పాత సినిమా వేయాలంటే హాల్లో దానికి వేరే లెన్సు ఉండేది. స్కోపు వచ్చింది కదా అని ఆ రోజుల్లో హాలువాడు పాత సినిమాలో హీరో కిరీటం కత్తిరించలేదు!

నా దృష్టిలో అసలు తగువంతా ఇక్కడే ఉంది. కొత్త గడి కొత్త ఫోటోకి పెట్టండి, ఎవరు కాదన్నారు? పాతవి పాత కొలతలో ఉండనిస్తే ఇంత అల్లరి ఉండేదే కాదు.

మనం తెలుసుకోవాల్సిందీ ఒకటుంది. ఆ గోడ మనది కాదు. అద్దె కట్టం కాబట్టి సొంతిల్లనుకుంటాం. ఒకప్పుడు మనవాళ్ళు ఊగిపోయిన ఆర్కుట్ సంగతి గుర్తుందా? 2014 సెప్టెంబరు 30న మూతపడింది. ఎవరివి వాళ్ళు దింపుకోవడానికి గడువిచ్చారు. పట్టించుకోనివాళ్ళ స్క్రాపులు, స్నేహితులు రాసిన టెస్టిమోనియల్స్ అన్నీ పోయాయి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పోస్టరు ఎక్కడైనా అంటించండి, సరదాగానే అంటించండి. కానీ ఒరిజినల్ మాత్రం మీ దగ్గర దాచుకోండి. గోడ యజమాని రేపు గుండ్రటి గళ్ళు పెట్టినా సరే, హీరోగారి చెవులు మీ దగ్గర భద్రంగా ఉంటాయి!