మెదకు చర్చి – క్రిస్మసు జాతర

ఎడపల్లి, బోధను ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారు చిరకాలముగా నున్నారు. ఇటీవల చదువుల నిమిత్తము జర్మనీకిని ఫ్రాన్సునకును పోవు యువకులు సైతము బయలుదేరినారు. వీరు డిసెంబరు మాసమున ఇండ్లకు పంపు ఛాయాచిత్రములలో తఱచుగ గానవచ్చు దృశ్యమొకటి కలదు: ఆకాశము నంటు శిఖరముగల పురాతనమైన చర్చి, దాని పాదముకడ దీపమాలికలతో వెలుగు కొయ్యకొట్ల సంత, ఆ సంత నడుమ ఉన్నిటోపి ధరించి పొగలుగ్రక్కు గిన్నె చేతబట్టి నవ్వు మన పిల్లవాడు. ఆ బొమ్మను సెల్‌ఫోనులో జూచి మురిసిపోవు తల్లిదండ్రులు, తమ యూరికి కొన్ని గంటల ప్రయాణదూరమున, ఆ పండుగనాడే, అట్టి శిఖరము క్రిందనే, గొప్ప జనసమ్మర్దముతో జాతర యొకటి సాగుచున్నదని ఎఱుగకపోరు గాని, ఆ రెంటిని జోడించి చూచువారు అరుదు.

పాశ్చాత్యుల క్రిస్మసు సంతలలో పేరెన్నికగన్న దొకటి ఫ్రాన్సు తూర్పు సరిహద్దున నున్న స్ట్రాస్‌బూర్గు నగరమునందు జరుగును. అచటి ప్రధానాలయమునకు రెండు శిఖరములు కావలసియుండగా ఉత్తరపుది యొక్కటియే 1439లో పూర్తియయ్యెను. 142 మీటర్ల ఆ యొంటి శిఖరము 1647 నుండి 1874 వఱకు లోకమునందలి కట్టడము లన్నింటిలోను ఉన్నతమైనదై యుండెను. దాని చెంత జరుగు సంత మొదట నికొలాసను పుణ్యపురుషుని పేరిట నుండినది. మతసంస్కారము పొందిన యా నగరవాసులు పుణ్యపురుషుల యారాధన తగదని తలచి 1570లో సంతను శిశువైన క్రీస్తు పేరిటికి మార్చిరి. పేరు మాఱినది గాని సంత మానలేదు. వర్తకులు ఏ దేశమునందైనను దైవమునకంటె తిథికి ఎక్కువ కట్టుబడినవారు. జర్మనీలోని డ్రెస్‌డెను నగరపు సంత దీనికంటెను ప్రాచీనము, 1434 నాటిది.

ఇక మన మెదకు. బోధనునుండి రుద్రూరు, బాన్సువాడ, ఎల్లారెడ్డిల మీదుగ పోవు బాట మనోహరమైనది. నడుమ పోచారము చెఱువును, దానిని పరివేష్టించిన అభయారణ్యమును దగులును. రైలు నాశ్రయింపగోరువారు నిజామాబాదునుండి అక్కన్నపేట చేరవచ్చును. అచటినుండి మెదకునకు 2022లో రైలుమార్గము ప్రారంభమయినది. ఎడపల్లివారికి మెదకు సీమతో నీటి చుట్టఱికముకూడ గలదు. ఏడుపాయల వనదుర్గాభవాని పాదములను తాకి పాఱు మంజీరయే దిగువన నిజాంసాగరమై, కాలువలై, అలీసాగరమై మన పొలములకు వచ్చుచున్నది. నిజాంసాగరపు ఆనకట్ట 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. మెదకు చర్చి 1914లో మొదలై 1924లో ముగిసినది. అనగా మంజీర పరీవాహమునందలి రాతిపనివాండ్రకు ఆ రెండు దశాబ్దములును తీఱిక లేని కాలమన్నమాట.

తీఱిక లేదనుటలో విషాదము కలదు. ఛార్లెసు వాకర్ పాస్నెట్టు అను వెస్లియను మిషనరీ 1895లో సికింద్రాబాదునకు ఆంగ్ల సైనికుల కొఱకై వచ్చి, దండువారి నడుమ నుండుట తృప్తి గొలుపక, మఱుసటి యేట మెదకు చేరెను. తరువాతి కాలమున కఱవు నీడలును ప్రథమ ప్రపంచ సంగ్రామపు ధరలును కలిసి పల్లెలను పీడించినవి. చేయిచాచి పుచ్చుకొను అన్నమునకంటె పనిచేసి పొందు అన్నము మనుష్యుని మానమును నిలుపునని భావించి ఆయన మహాలయ నిర్మాణమునకు పూనుకొనెను. ఒక దశాబ్దము వేలమంది రాళ్లు మోసిరి, చెక్కిరి, ఎత్తిరి. సాయంకాలమున గింజలతో ఇల్లు చేరిరి. తన నిర్మాతల యాకలిని తీర్చుటకే పుట్టిన రాతి కట్టడములు లోకమున అనేకములు లేవు. లక్నో నగరపు పెద్ద ఇమాంబాడా యట్టిదే యందురు. ఆ వరుసలో మెదకును చేర్చుట న్యాయము.

నూఱడుగుల వెడల్పును రెండువందల అడుగుల పొడవునుగల ఆ మందిరమున అయిదువేలమంది యొక్కమాఱుగ కూర్చుండి ప్రార్థింపవచ్చును. గంటగోపురము 175 అడుగులు. నేలను పఱచిన రంగుల పలకలు ఇంగ్లండునుండి వచ్చినవి. వానిని కూర్చినవారు ఇటలీ దేశపు పనివాండ్రు. కొనలు తేలిన తోరణములు, పైకి పైకి దృష్టిని లాగుకొనిపోవు స్తంభములు, గోడల వెలుపల ఆనుకొని నిలిచిన రాతి ఊతలు – ఇవన్నియు గోథికు శైలి లక్షణములు. ఈ శైలి యందలి కిటుకు సులభగ్రాహ్యమే: కప్పు బరువు గోడ నిండుగ పడక తోరణముల వెంట దిగి స్తంభములకును వెలుపలి ఊతలకును చేరును, కావున గోడకు మోయు భారము తగ్గి, అందు విశాలమైన గవాక్షములు తెఱచుట కవకాశము గలుగును.

ఆ గవాక్షములే మెదకు చర్చికి నేత్రములు. లండను చిత్రకారుడు ఫ్రాంకు సాలిస్‌బరీ రచించిన వర్ణముల గాజుపనిలో ఒకదానియందు క్రీస్తు స్వర్గారోహణము, ఒకదానియందు జననము, మఱియొకదానియందు సిలువయాతన చిత్రితములయినవి. మొదటిది 1927లోను, రెండవది 1947లోను, మూడవది 1958లోను అమర్పబడినవి. అనగా ఆలయప్రతిష్ఠ జరిగిన 1924 డిసెంబరు 25న లోనికి వచ్చినవారు వీనిలో నొక్కదానినైన చూడలేదు! లోపలినుండి చూచువానికి ఈ బొమ్మలు వెలుపలి సూర్యకాంతివలననే కానవచ్చును. ప్రొద్దు క్రుంకినంతనే నల్లని గాజు తప్ప వేఱేమియు మిగులదు. లోన ఎన్ని విద్యుద్దీపములు వెలిగించినను ప్రయోజనము లేదు.

మన పత్రికలలో ఈ ఆలయమును గూర్చి ‘వాటికను తరువాత ఇదే పెద్దది’ అను మాట యేటేట అచ్చగుచుండును. ఇది పొసగని మాట. వాటికను కాథలిక్కులది, మెదకు ప్రొటెస్టంటులది. ఆ రెంటిని ఒకే తక్కెడలో నుంచుటకు వీలులేదు. కీర్తి కావలెనన్న అసత్యముతో పనిలేదు, వాస్తవమే విచిత్రముగ నున్నది. ఈ చర్చిని కెథెడ్రలందురు. కెథెడ్రలనగా పెద్ద చర్చి కాదు. బిషపుగారి పీఠమున్న చర్చి. ఆంగ్లదేశపు వెస్లియను మెథడిస్టులకు బిషపులే లేరు! కావున కట్టినప్పు డిది శాస్త్రరీత్యా కెథెడ్రలు కాదు. 1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టంటు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినపుడు మెదకునకు బిషపు వచ్చెను, ఫ్రాంకు విటేకరుగారు తొలి పీఠాధిపతి యయిరి, అప్పుడు గాని ఆలయమునకు ఆ పదవి సిద్ధింపలేదు. ఇరువది మూడేండ్లు సింహాసనము లేని రాజభవనముగ నుండినదన్నమాట.

ఆ వెస్లియను మిషనువారి హస్తము మన నిజామాబాదు చెంతకును చాచియున్నది. డిచ్‌పల్లి కుష్ఠురోగ చికిత్సాలయమును 1915లో స్థాపించిన డాక్టరు ఇసబెల్ కెర్ర్ ఆ శాఖకు చెందినదే. ఆ ఆసుపత్రికి ధనసాహాయ్య మొనర్చిన నర్సాగౌడుగారు హిందువు. ఈ విషయమును ఇచట చెప్పుటకు కారణము కలదు. మెదకు క్రిస్మసునాటి జనమును చూచిన వానికి, వచ్చినవారిలో ఎవరు క్రైస్తవులో ఎవరు కారో తేల్చుట సాధ్యము కాదు. మ్రొక్కుకొన్న పిల్లకు పుట్టువెండ్రుకలు తీయింప ఏ గుట్టకు పోదుమో, కార్తికమున లింబాద్రి గుట్టకు ఎట్లు బండ్లు కట్టుకొని పోవుచుండిరో, ఆ తీరుననే కుటుంబములు మూటాముల్లెలతో దిగి, చెట్లక్రింద వంటచేసికొని, క్రొవ్వొత్తి వెలిగించి పోవుచుందురు. తెల్లవారకమునుపే ఆరాధన ఆరంభమగును. ఆవరణము వెలుపల గాజులు, బొమ్మలు, పేలాలు, మిర్చిబజ్జీలు, రంగులరాట్నము.

ఇచటనే ఐరోపా సంతకును మన జాతరకును గల భేదము తెలియవచ్చును. జర్మను దేశపు సంతలు పండుగకు ముందటి నాలుగు వారములు సాగి, సాధారణముగ డిసెంబరు 23, 24 నాటికి ముగియును. పండుగనాడు బజారు మూతపడి ఎవరి యింట వారు కుంపటికడ చేరుదురు. మంచు కురియు దేశమున పండుగ ఇంటిలోనిది. మన క్రిస్మసు ఇంటినుండి బయలుదేరునది. పండుగనాడే జాతర, చలి యనగా నెత్తికి గుడ్డ చుట్టుకొన్న చాలునట్టి చలి. మిషనరీలు తెచ్చిన మతమునకు తెలంగాణము తన జాతరరీతిని ఇచ్చినదే గాని, వారి సంతరీతిని పుచ్చుకొనలేదు. నా మట్టుకు నాకు ఈ వినిమయము మతతత్త్వవాదములకంటె ఎంతయు రుచికరమయినది.

రుచి యనగా జ్ఞప్తికి వచ్చినది. స్ట్రాస్‌బూర్గు సంతలో అల్లము, దాల్చినచెక్క కలిపిన తీపిరొట్టెలును, చక్కెరపాకము పట్టించి వేచిన బాదములును అమ్ముదురు. పొగలుగ్రక్కు నా గిన్నెలోనిది దాల్చిన, లవంగము వేసి వెచ్చజేసిన ద్రాక్షసారాయము. ఆ సుగంధద్రవ్యములు మన సముద్రములమీదుగ పోయినవి గాని, ఆ చక్కెర చెఱకుది కాదు. ఎఱ్ఱదుంపను పోలిన యొక దుంపలో చెఱకులోని చక్కెరయే కలదని 1747లో బెర్లినునందు మార్గ్రాఫు అను రసాయనవేత్త కనిపెట్టెను. నాటినుండి క్రమముగ చలిదేశములకు చెఱకుతో పని తప్పినది. 1937లో స్థాపితమై ఆసియాలోనే పెద్దదని పేరొందిన శక్కర్‌నగరపు నిజాం షుగరు ఫ్యాక్టరీ 2015లో మూతపడినది గదా. చెఱకు బండ్ల వరుసలను ఎఱిగిన బోధనువారు పరదేశమున బాదములను నమలునపుడు దుంపచక్కెర సంగతి తలచుకొనక మానరు.

2024 డిసెంబరు 25న ఆలయమునకు నూఱేండ్లు నిండినవి. క్రిస్మసునాడు పోవువారు జాతరను చూతురు గాని, జనసమ్మర్దమున తల పైకెత్తి నిలుచుటకు చోటుండదు. గవాక్షములను చూడగోరువారు జనవరి నెలలో, మబ్బు లేని యొక సామాన్య దినమున, తెల్లవాఱుజాముననే బాన్సువాడ దారి పట్టవలెను. సద్దిమూట వెంట నుంచుకొనుట మేలు. దారిలో పోచారముకడ కూర్చుండి తినవచ్చును.