ఆసుపత్రి బాయిలరుకు ఇంజనీరును ఎన్నుకొనుట ఎట్లు?

ఆసుపత్రి అనగానే మనకు స్ఫురించునవి వైద్యులు, నర్సులు, మందుల సీసాలు, తెల్లని పడకలు. చలిదేశములలోని పెద్ద ఆసుపత్రులలో వీని వెనుక మరియొకటి కలదు. అది ఆవరణలో ఒక మూల, పొగగొట్టము క్రింద, రాత్రింబవళ్లు పనిచేయు బాయిలరు గది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మాజీ సైనికుల వ్యవహారముల శాఖ సుమారు 170 వైద్యకేంద్రములను నడుపుచున్నది. వానిలో చాలచోట్ల ఇట్టి బాయిలరు గదులున్నవి. అచటి నియంత్రణ సాధనములు పాతబడినపుడు క్రొత్తవానిని ఎవరిచేత రూపొందింపజేయవలెను? వినుటకు ఇది కచేరీ వ్యవహారమువలె నుండును కాని, దీని మూలము భౌతికశాస్త్రములో నున్నది.

మొదట ఆవిరి సంగతి చూతము. ఇంటిలోని ప్రెషర్ కుక్కరులో పీడనము వాతావరణ పీడనముకంటె చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము అధికముగా నుండును. అందుచే నీరు 120° సెంటిగ్రేడు దగ్గర మరుగును. శస్త్రపరికరములను శుద్ధిచేయు ఆటోక్లేవు అనునది ఇట్టి పెద్ద కుక్కరే. అందు 121° వద్ద 15 నిమిషములలో క్రిములు నశించును. పొడిగాలితో ఇదే పని చేయుటకు 160° వద్ద 2 గంటలు పట్టును. దీనికి ఒక ముఖ్యకారణము గుప్తోష్ణము. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునపుడు 500 కెలోరీలకు పైగా ఉష్ణమును పరికరముపై వదలిపెట్టును. ఆ ఆవిరియే వంటశాలకు, లాండ్రీకి, శీతకాలములో గదులకు వెచ్చదనమును ఇచ్చును. కనుక ఆవిరి నిలిచినచో ఆపరేషన్లును నిలువవలసివచ్చును.

బాయిలరులో ముఖ్యముగా కనిపెట్టవలసినవి మూడు: పీడనము, నీటిమట్టము, మంట. పీడనము సంగతి తేలిక. అది పెరిగినచో ఇంధనమును తగ్గించుట, తగ్గినచో పెంచుట, హద్దు మీరినచో రక్షణ కవాటము తెరచుకొనుట. నీటిమట్టము మాత్రము అంత తేలిక కాదు.

లాండ్రీలో యంత్రములన్నియు ఒక్కసారిగా ఆవిరిని పీల్చినవనుకొందము. బాయిలరులో నీటిమట్టము వెంటనే పెరుగునా, తగ్గునా? తరగతిలో ఈ ప్రశ్న వేసినచో దాదాపు అందరును ‘తగ్గును’ అందురు. కాని మొదట అది పెరుగును! గోలీసోడాలో గోలీని లోపలికి నొక్కిన క్షణమును జ్ఞాపకము చేసికొనుడు. పీడనము తగ్గగనే బుడగలు పుట్టి, సోడా పైకి పొంగును. కారణము కొంచెము వేరైనను బాయిలరులో జరుగునదియు ఇట్టిదే. పీడనము పడిపోగా నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బి మట్టమును పైకి నెట్టును. మట్టమును మాత్రమే చూచు నియంత్రకము ‘నీరు ఎక్కువైనది’ అని భ్రమించి, నీరు వచ్చు కవాటమును మూయును. ఆవిరి బయటకు పోవుచునే యున్నది, నీరు మాత్రము లోనికి వచ్చుట లేదు. కొంతసేపటికి బుడగలు అణగిన పిమ్మట చూచినచో నీరు నిజముగనే తక్కువై యుండును. ఈ మోసమునుండి తప్పించుకొనుటకు మట్టముతోపాటు బయటకు పోవు ఆవిరిని, లోనికి వచ్చు నీటిని కూడ కొలిచి, మూడింటిని కలిపి లెక్కవేయు పద్ధతి కలదు. ఏ బాయిలరుకు అది అవసరము, దేనికి అనవసరము అనునది ఆ ఆసుపత్రిలో ఆవిరి వాడుక ఏ గంటకు ఎట్లు మారునో చూచినవాడు చెప్పవలసిన మాట.

నీరు తగ్గినచో ఏమగును? నీరు కప్పని ఉక్కు ఎఱ్ఱబడి మెత్తబడును, పగులును. అధిక పీడనములో 100° దాటి వేడెక్కి యున్న నీరు పీడనము తొలగిన క్షణమున ఆవిరిగా మారజూచును. వాతావరణ పీడనము వద్ద ఆవిరి ఘనపరిమాణము అది పుట్టిన నీటికి సుమారు 1600 రెట్లు. 1854 మార్చిలో కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డ్ నగరమున ఒక కర్మాగారములో బాయిలరు ప్రేలి 21 మంది మరణించిరి. 1905 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి బ్రాక్టన్‌లో పాదరక్షల కర్మాగారమున 58 మంది మరణించిరి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము 1915లో ప్రకటించిన బాయిలరు నియమావళి ఇట్టి మరణముల ఫలితము.

ఇక మంట. అది ఆరిపోయి, ఇంధనము మాత్రము వచ్చుచున్నచో కొలిమి నిండ వాయువు చేరును. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచే వెలిగించుటకు ముందు పంకాతో గాలిని నడిపి కొలిమిని పలుమార్లు కడిగివేయుదురు. తరువాత ఒక ‘కన్ను’ మంటను కాపలా కాయును. ఆ కన్ను అతినీలలోహిత కిరణములను చూచునదైనచో మేలు. ఏలయన, కాలిన ఇటుక వెలుతురునిచ్చునేగాని అతినీలలోహిత కిరణములను దాదాపు ఈయదు. ఎఱ్ఱని ఇటుకను చూచి మంటయని పొరబడుట ఉండదు.

ఈ సాధనములను మార్చునపుడు ఆవిరిని ఆపుటకు వీలులేదు. ఒక బాయిలరును విప్పుచుండగా మరియొకటి పనిచేయవలెను. పాత పటములలో గీసిన గొట్టము గోడమీద ఉండకపోవచ్చును. ఆపిన గొట్టములోనికి మరల ఆవిరిని వదలుట యెంత ప్రమాదమో 2020 నవంబరు 13న తెలిసినది. కనెక్టికట్‌లోనే వెస్ట్ హేవెన్ వైద్యకేంద్రమున మరమ్మతు ముగిసిన పిమ్మట ఆవిరిని వదలగా, గొట్టములో నిలిచిన నీరు సమ్మెటవలె కొట్టి, గొట్టపు భాగము పగిలి ఇద్దరు మరణించిరి.

ఇప్పుడు కచేరీ వ్యవహారమునకు వత్తము. మంచములు కొనునపుడు ప్రభుత్వము టెండర్లు పిలిచి, తక్కువ ధర చూచుట న్యాయమే. మంచము కంటికి కనబడును. కాని రూపకల్పన అట్లు కాదు. కొనునాటికి ఆ వస్తువు పుట్టనేలేదు. తక్కువ ధరకు ఒప్పుకొన్నవాడు తగ్గించునది ఉక్కును కాదు, ఆలోచించు గంటలను. బాయిలరు గదికి నాలుగుసార్లు పోవలసినవాడు ఒకసారి పోయి వచ్చును. ఈ కారణముచేతనే 1972 అక్టోబరులో అమెరికాలో ఒక చట్టము వచ్చినది. దానిని ప్రతిపాదించిన టెక్సస్ ప్రతినిధి జాక్ బ్రూక్స్ పేరుతో దానిని బ్రూక్స్ చట్టమందురు.

దీని ప్రకారము పని వివరములను బహిరంగముగా ప్రకటింతురు. సంస్థలు తమ యోగ్యతలను తెలుపును, ధర తెలుపరాదు. ఇట్టి పనిలో అనుభవము, వెనుకటి పనుల తీరు, సకాలములో ముగించు శక్తి, ఆ ప్రాంత పరిచయము మున్నగువానిని పరిశీలించి, కనీసము మూడు సంస్థలతో చర్చించి, వరుస నిర్ణయింతురు. మొదటి సంస్థతో మాత్రమే ధర మాటలాడుదురు. ఒప్పందము కుదరకున్నచో ఆ మాటలను ముగించి రెండవ సంస్థను పిలుతురు. ముగించిన పిమ్మట మొదటివాడు ‘తగ్గించెద’నని తిరిగివచ్చుటకు వీలులేదు. అందుచే అతడును ఆశకు పోడు.

ధర అడుగకున్నచో ఖజానా కొల్లబోదా? ఈ సందేహము సహజమే. బేరమునకు ముందే ప్రభుత్వ ఇంజనీరు తన అంచనాను వేరుగా వ్రాసి యుంచును. పటములు, వివరణ పత్రములు తయారుచేయుటకిచ్చు రుసుము నిర్మాణపు అంచనాలో 6 శాతము మించరాదను హద్దు కూడ కలదు. 20 లక్షల డాలర్ల పనికి ఇది 1,20,000 డాలర్లు. ఈ కొద్ది సొమ్ముపై మిగిలిన సొమ్మంతయు ఆధారపడి యున్నది. రూపకల్పన చేసినవాడే నిర్మాణపు కంట్రాక్టును తీసికొనుట సాధారణముగా నిషిద్ధము. లేనిచో తాను అమ్మదలచిన సామగ్రినే పటములో గీయును. నిర్మాణమునకు వచ్చిన ధరలు ముందు అనుకొన్న హద్దు దాటినచో పటమును ఉచితముగా తిరిగి గీయవలసినవాడును అతడే. పొరబాటువలన నష్టము కలిగినచో బాధ్యత అతనిదే.

ఈ పద్ధతిలో లోపము లేకపోలేదు. అనుభవమునకే పెద్దపీట వేసినచో, నేర్పుండియు ఇంకను పనులు చేయని క్రొత్తవానికి మొదటి అవకాశము ఎట్లు దొరకును? చిన్న సంస్థలకు కొన్ని పనులను ప్రత్యేకించుటచే ఈ చిక్కు కొంత తీరునేగాని పూర్తిగా తీరదు. అయినను ఆసుపత్రి బాయిలరు విషయములో నా మొగ్గు అనుభవమువైపే.

పని పూర్తియైన పిమ్మట పరీక్ష యుండును. సన్నని మంటమీద బాయిలరును నడుపుచు, నీరు వచ్చు దారిని మూసి, అడుగు కవాటమును మెల్లగా విప్పుదురు. గాజుగొట్టములో నీటిగీత దిగుచుండును. దానికొరకై రెండు వేరువేరు మీటలుండును. మొదటిది మంటను ఆర్పవలెను. అది తప్పినచో ఇంకను క్రిందనున్న రెండవది ఆర్పవలెను. రెండవది ఆర్పినపుడు మనిషి స్వయముగా వచ్చి సరిచేయువరకు మంట మరల వెలుగరాదు. మొదటి మీటను నిలిపివేసి రెండవదానిని విడిగా పరీక్షింతురు. గాజుగొట్టములో నీటిగీత ఇంకను కనబడుచుండగనే మంట ఆరవలెను. ఆరకున్నచో ఆనాడు అంగీకార పత్రముపై సంతకము పడదు.