పికప్‌లోకి బైక్, టిల్లర్ ఎక్కిస్తున్నారా? ర్యాంపు కొనేముందు ఈ చిన్న లెక్క చూసుకోండి!

ఇల్లు మారితే బైక్, పక్క ఊళ్లో దున్నకం ఉంటే పవర్ టిల్లర్, రిపేరుకు వెళ్లాలంటే స్టార్ట్ కాని స్కూటర్, సంత నుంచి గేదె.. అన్నీ ఇప్పుడు పికప్ బండ్లలోనే తిరుగుతున్నాయి. 2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చాక ‘ఛోటా హాథీ’ లేని ఊరు లేదన్నంతగా చిన్న గూడ్స్ బండ్లు పెరిగాయి. ఫోన్ కొడితే బండి వస్తుంది. అసలు చిక్కంతా నేల మీద ఉన్నదాన్ని బాడీలోకి ఎక్కించడంలోనే.

చాలాచోట్ల జరిగేది ఒకటే. పక్కన పడి ఉన్న సెంట్రింగ్ చెక్క ఒకటి తెచ్చి బాడీకి ఆనిస్తారు. నలుగురు కలిసి ఒక్క ఊపున తోసేస్తారు. చాలాసార్లు పని అయిపోతుంది కూడా. కానీ చెక్క జారిన ఆ ఒక్కసారి పైన ఉండేది రెండు క్వింటాళ్ల బండి, కింద ఉండేది మనిషి. అందుకే తరచూ లోడింగ్ పని ఉన్నవాళ్లు ర్యాంపు కొనుక్కుంటున్నారు, లేదంటే వెల్డింగ్ షాపులో చేయించుకుంటున్నారు. అయితే చాలామంది ముందు రేటు అడుగుతారు, తర్వాత ఇనుము మందం చూస్తారు. నిజానికి అన్నిటికంటే ముందు చూడాల్సింది పొడవు.

పొడవు ఎందుకంత ముఖ్యం?

దీనికో తేలికైన లెక్క ఉంది. బాడీ ఎత్తును ర్యాంపు పొడవుతో భాగించాలి. వచ్చినదాన్ని ఎక్కించే బండి బరువుతో గుణించాలి. అంతే, తోయడానికి ఎంత బలం కావాలో సుమారుగా తెలిసిపోతుంది.

ఉదాహరణకు బాడీ నేల నుంచి 3 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి బైక్ బరువు దాదాపు 200 కిలోలు. అప్పుడు..

- 6 అడుగుల ర్యాంపు: వాలు 30 డిగ్రీలు. తోయాల్సిన బలం 100 కిలోలు.
- 8 అడుగుల ర్యాంపు: వాలు సుమారు 22 డిగ్రీలు. బలం 75 కిలోలు.
- 10 అడుగుల ర్యాంపు: వాలు సుమారు 17 డిగ్రీలు. బలం 60 కిలోలు.
- 12 అడుగుల ర్యాంపు: వాలు సుమారు 14 డిగ్రీలు. బలం 50 కిలోలు.

అంటే 6 అడుగుల చెక్క మీద రెండు సిమెంట్ బస్తాలు ఎత్తినంత కష్టం. అదే బైక్‌ను 12 అడుగుల ర్యాంపు మీద ఎక్కిస్తే ఒక్క బస్తా కష్టమే. ఇంకో విషయం. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగితే, బండి వెనక్కి రాకుండా ఆపడానికీ దాదాపు అంతే బలం కావాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

కాబట్టి షాపుకు వెళ్లేముందే టేపు తీసుకుని బాడీ ఎత్తు కొలుచుకోవాలి. బండి ఖాళీగా, చదునైన నేల మీద ఉన్నప్పుడు కొలవాలి. లోడ్ పడితే స్ప్రింగ్ పట్టీలు కుంగి ఎత్తు తగ్గుతుంది. ఏస్‌కు, బొలెరో పికప్‌కు ఎత్తు ఒకటే ఉండదు. ఒకరి బండికి సరిపోయిన ర్యాంపు ఇంకొకరికి సరిపోతుందని గ్యారంటీ లేదు.

పొడవు పెరిగితే బలం కూడా పెరగాలి

అలాగని సన్నటి రేకునే పొడవుగా చేయిస్తే పనికిరాదు. బండి ర్యాంపు నడిమధ్యకు వచ్చినప్పుడే దాని మీద ఒత్తిడి ఎక్కువ. ర్యాంపు పొడవు రెట్టింపు చేస్తే, అదే బరువుకు మధ్యలో దాన్ని వంచే ప్రభావం కూడా రెట్టింపవుతుంది. అదే మందం, అదే ఆకారం ఉంటే కిందకు కుంగడం ఏకంగా 8 రెట్లు పెరుగుతుంది. అందుకే పొడవు ర్యాంపుకు లోతున్న చానల్, మధ్యలో అడ్డకమ్మీలు తప్పనిసరి.

రెడీమేడ్ ర్యాంపు కొంటే దాని మీద రాసిన బరువు ఒక్కదానికా, రెండింటి జతకా అన్నది అడిగి తెలుసుకోవాలి. జతకు 500 కిలోలు అని ఉంటే ఒక్కోటి మోసేది అందులో సగమే. నాలుగు చక్రాల బండికైతే బరువు ముందూ వెనకా పంచుకుంటుంది. కానీ పవర్ టిల్లర్ 400 కిలోలు ఉంటే, ఆ బరువులో చాలా భాగం రెండు చక్రాల మీదే, ఒకే చోట పడుతుంది. యంత్రం బరువుతో పాటు పక్కన నడిచే మనిషి బరువు కూడా కలుపుకోవాలి. లెక్క సరిగ్గా సరిపోయిందని ఆగిపోకుండా, కొంత మిగులు ఉండేలా చూసుకోవడం మంచిది.

విరగడమే కాదు, జారడమూ ప్రమాదమే

ర్యాంపు ఎంత గట్టిదైనా పైకొస బాడీ నుంచి ఊడితే అంతా వృథా. ఇంజిన్ బలంతో ఎక్కే బండి విషయంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చక్రం బండిని ముందుకు నెట్టాలంటే ర్యాంపును వెనక్కి నెట్టాలి కదా! ముందు చక్రాలు బాడీలోకి వెళ్లి, వెనక చక్రాలు ఇంకా ర్యాంపు మీదే ఉన్నప్పుడు ఆ నెట్టుడుకు ర్యాంపు పైకొస జారిపోతుంది.

అందుకే ఈ నాలుగూ చూసుకోవాలి:

- ర్యాంపు పైకొసకు బాడీ అంచును పట్టుకునే కొక్కెం లేదా పట్టీ ఉండాలి.
- ర్యాంపును బండి ఛాసిస్‌కు బిగించి కట్టేలా గొలుసు గానీ, బెల్టు గానీ ఉండాలి. కొక్కెం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.
- పైకొస బాడీ ఫ్లోర్ మీదే ఆనాలి. గొలుసులకు వేలాడే వెనక డోర్ మీద ఆనిస్తే బరువంతా ఆ గొలుసులు, కీళ్ల మీద పడుతుంది.
- పికప్‌ను గేర్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లో చెక్క మొద్దులో అడ్డం పెట్టాలి.

చెక్కా, ఇనుమా, అల్యూమినియమా?

చెక్క చవక. కానీ ముడులు ఉన్నచోట, చీలిక వచ్చినచోట చెప్పకుండా విరుగుతుంది. తడిస్తే జారుతుంది. బైక్ వరకు మందపాటి పలక సరిపోవచ్చు గానీ, టిల్లర్‌కు సెంట్రింగ్ చెక్కను నమ్ముకోవద్దు.

ఇనుముతో ఊళ్లోనే చేయించుకోవచ్చు, పాడైతే ఊళ్లోనే బాగు చేయించుకోవచ్చు. సమస్య దాని బరువు. పొడవైన ర్యాంపును వేయడానికి, తీయడానికి ఇద్దరు కావాలి. పైన నున్నటి రేకు వేస్తే వానాకాలంలో బురద టైరు నిలవదు. గరుకు గీతలున్న చెకర్డ్ షీటు గానీ, కన్నాల జాలీ గానీ వేయించుకోవాలి. వెల్డింగ్ దగ్గర పగుళ్లు, తుప్పు అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి.

అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతే. మడతపెట్టే మోడల్స్ కూడా దొరుకుతాయి. రేటు ఎక్కువ. రోజూ ఒంటరిగా లోడింగ్ చేసే డ్రైవర్‌కు ఇది నడుము నొప్పి తప్పిస్తుంది. ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్లకు మాత్రం ఇనుమే చాలు.

వెడల్పు ఎంత?

బైక్ పక్కన మనిషి కూడా పైకి నడవాలి. ఈ విషయం చాలామంది మర్చిపోతారు. టైరుకు ఒక ర్యాంపు, మనిషి నడకకు ఇంకోటి వేసుకోవాలి. లేదంటే బండి సగం పైకి వెళ్లాక పట్టుకున్న మనిషికి కాలు మోపే చోటు ఉండదు. బైక్ మీద కూర్చుని ఎక్కించే సాహసం అసలు చేయొద్దు. ఇంజిన్ ఆపి తోస్తున్నప్పుడు గేర్‌లో ఉంచి, క్లచ్ పట్టుకుని తోయాలి. ఆగాలనిపిస్తే క్లచ్ వదిలేస్తే చాలు, వెనక చక్రం పట్టేస్తుంది. వాలు మీద బరువు వెనక్కి పోతుంది కాబట్టి ముందు బ్రేక్ ఒక్కటే సరిగ్గా ఆపలేదు.

టిల్లర్, మినీ ట్రాక్టర్ ఉంటే..

పవర్ టిల్లర్‌ను ర్యాంపు ముందే నిటారుగా నిలుపుకోవాలి. ఒకసారి ఎక్కడం మొదలయ్యాక హ్యాండిల్ దగ్గరి సైడ్ క్లచ్‌లు నొక్కకూడదు. వాలు మీద అవి చదునైన నేల మీద తిరిగినట్టు తిప్పవు, ఒక్కోసారి వ్యతిరేక దిశలో లాగేస్తాయి. రోటావేటర్ ఆపేసి, తక్కువ గేర్‌లో నెమ్మదిగా నడపాలి. మధ్యలో గేర్ మార్చొద్దు. మినీ ట్రాక్టర్ అయితే రివర్స్‌లో ఎక్కించి, దించేటప్పుడు ముందుకు నడపడం మేలు. నిటారు వాలు మీద ముందుకు ఎక్కిస్తే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడే ముప్పు ఉంటుంది.

రూపాయి ఖర్చు లేని ర్యాంపు!

పొడవు ర్యాంపు కొనే స్తోమత లేదా? రోడ్డు గట్టు, కాలువ గట్టు, రైస్ మిల్లు ప్లాట్‌ఫాం ఏది దగ్గరుంటే అక్కడికి పికప్‌ను వెనక్కి పెట్టాలి. గట్టు ఒక్క అడుగు ఎత్తున్నా బాడీ ఎత్తు 3 అడుగుల నుంచి 2 అడుగులకు తగ్గినట్టే. పైన చెప్పిన 200 కిలోల బైక్‌కు అప్పుడు 8 అడుగుల ర్యాంపే 12 అడుగుల ర్యాంపులా పనిచేస్తుంది. 50 కిలోల బలం చాలు. అయితే గట్టు అంచు మెత్తగా ఉందేమో ముందు చూసుకోవాలి. తడి మట్టి బరువుకు విరిగిపోతుంది.

దారిలో జరిమానా పడకుండా..

పొడవు ర్యాంపు కొన్నారు సరే, దాన్ని తీసుకెళ్లేది ఎలా? బాడీలో పట్టక వెనక్కి పొడుచుకు వచ్చేలా వేసుకుంటే చిక్కే. సరుకు అనుమతించిన హద్దు దాటి బయటకు వస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 194 ప్రకారం రూ.20 వేల జరిమానా ఉంది. రాత్రిపూట వెనక వచ్చే బైకర్‌కు ఆ ఇనుప కొస కనిపించదు కూడా. బాడీ కంటే పొడవైన ర్యాంపు కావాలంటే మడతపెట్టేది గానీ, రెండు ముక్కలుగా విడదీసేది గానీ తీసుకోవాలి. లోపల కూడా దాన్ని తాడుతో కట్టేయాలి.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఒక్క నియమం మర్చిపోవద్దు. బండి ఎక్కుతున్నప్పుడు దాని వెనక, ర్యాంపు కింద ఎవ్వరూ ఉండకూడదు. తోసేవాళ్లు పక్కల నుంచే పట్టుకోవాలి. చేయి జారితే బండికి గీతలు పడతాయి, అద్దం పగులుతుంది. వాటిని బాగు చేయించుకోవచ్చు. నడుము విరిగిన మనిషిని అంత తేలిగ్గా బాగు చేయించలేం.