సైకిల్‌ బెజవాడకు పనికిరాదా? అపోహలు – వాస్తవాలు

విజయవాడలో ఆఫీసుకో కాలేజీకో సైకిల్‌ మీద వెళ్లొచ్చు కదా అంటే వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. ఈ ఎండల్లో కుదరదంటారు. ఊరు పెరిగిపోయి దూరాలు ఎక్కువయ్యాయంటారు. రోడ్డు మీద ప్రాణాలకు పూచీ లేదంటారు, పొగ పీల్చి జబ్బు తెచ్చుకోవడమేనంటారు. అన్నిటికీ మించి, ఈ రోజుల్లో సైకిల్‌ ఎవరు తొక్కుతున్నారని అడుగుతారు. ప్రతి దాంట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది కాబట్టే ఈ మాటలు జనంలో ఇంతగా నాటుకున్నాయి. ఆ నిజమెంతో, దాని చుట్టూ అల్లుకున్న అపోహ ఎంతో విడదీసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. సైకిల్‌కు విజయవాడ అనువైన ఊరే. దాన్ని అలా కాకుండా చేసింది మనం రోడ్డును పంచిన తీరు.

సైకిల్‌ ఎవరు తొక్కుతున్నారన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలి, మిగతా అపోహలకు మూలం అదే. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తున్నారో అడిగి నమోదు చేశారు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసుకునేవారిలో దేశం మొత్తం మీద 13.1 శాతం మంది సైకిల్‌ మీద, 12.7 శాతం మంది స్కూటర్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్తున్నట్టు తేలింది. కార్లలో వెళ్లేవారు మూడు శాతం కూడా లేరు. ఆ తర్వాత మోటారు బళ్లు బాగా పెరిగిన మాట నిజమే, అయినా సైకిల్‌ పోలేదు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు, పేపర్లు వేసే కుర్రాళ్లు, హ్యాండిల్‌కు క్యారేజీ తగిలించుకుని అడ్డా మీదికి చేరే కూలీలు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం, తాడేపల్లి వైపు నుంచి పనికి వచ్చేవాళ్లు సైకిల్‌నే నమ్ముకున్నారు. వీళ్లలో చాలామంది ప్రయాణం బందరు రోడ్డు రద్దీ మొదలయ్యేలోపే ముగుస్తుంది కనుక మన లెక్కలోకి రాదు. లెక్కలోకి రానివారికి రోడ్డు మీద చోటు వదలరు. చోటు లేదని, తొక్కాలనుకున్నవాళ్లు కూడా మానేస్తారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు ఉన్నది వాహనాల కోసం కాదు, మనుషుల రాకపోకల కోసమని చెప్పింది. సైకిల్‌ దారులు ఎలా వేయాలో ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ 1962లోనే ప్రమాణాలు ఇచ్చి, 2015లో వాటిని కొత్తగా రాసింది. కాగితం మీద లోటేమీ లేదు.

ఇక దూరం. విజయవాడ నగరపాలక సంస్థ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణం ఉన్న వృత్తం గీస్తే నడిమధ్య నుంచి అంచుకు నాలుగున్నర కిలోమీటర్లు కూడా రాదు. ఊరు నిజంగా గుండ్రంగా లేకపోయినా అంచనాకు ఇది చాలు. పండిట్‌ నెహ్రూ బస్టాండ్‌ నుంచి బెంజి సర్కిల్‌కు, సింగ్‌నగర్‌ నుంచి వన్‌టౌన్‌ మార్కెట్లకు ఐదు కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. నిదానంగా తొక్కినా సైకిల్‌ గంటకు 15 కిలోమీటర్లు పోతుంది, అంటే ఇరవై నిమిషాల పని. ఆఫీసు వేళల్లో సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి పోయే బైకుకు కూడా దాదాపు అంతే పడుతుంది. పైగా ఇది డెల్టా నేల. బ్యారేజీ దగ్గర బయల్దేరే ఏలూరు, బందరు, రైవస్‌ కాలువల్లో నీరు తనంతట తాను నెమ్మదిగా పారుతుందంటే వాలు ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. గేర్లు లేని మామూలు సైకిల్‌కు ఇంతకన్నా అనువైన నేల దొరకడం కష్టం. కొండల మీద ఇళ్లున్నవారి సంగతి వేరు, మెట్ల మీద సైకిల్‌ మోయమని ఎవరూ అనరు, కొండ దిగువన దాన్ని భద్రంగా పెట్టుకునే చోటు వాళ్లకు కావాలి. గొల్లపూడి, నున్న, పెనమలూరు వైపు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు వచ్చేవారికి రోజూ రెండు పూటలా తొక్కడం కష్టమే. అలాంటివాళ్లు ఇంటి నుంచి బస్టాపు దాకా సైకిల్‌ మీద వచ్చి బస్సెక్కవచ్చు. అందుకు స్టాపు దగ్గర తాళం వేసుకునే స్టాండు, దానిపై నీడ ఉంటే చాలు.

ఎండ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే ఊరిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. సముద్రం దగ్గర కనుక ఉక్కపోత కూడా ఎక్కువే, చెమట ఆరదు. వడగాడ్పుల హెచ్చరిక ఉన్న రోజున మిట్టమధ్యాహ్నం ఎవరూ సైకిల్‌ తొక్కకూడదు, గుండె జబ్బున్నవాళ్లు, వృద్ధులు అసలే తొక్కకూడదు. కానీ ఆ తీవ్రత ఏప్రిల్‌ నుంచి జూన్‌ నడిమి దాకా. మిగతా తొమ్మిదిన్నర నెలలకు కూడా ఆ రెండున్నర నెలల సాకు చూపడం సరికాదు. వేసవిలోనూ పనికి వెళ్లేది ఉదయం, తిరిగొచ్చేది సాయంత్రం. బైకు మీద వెళ్లేవారికి మాత్రం నీడ ఎక్కడుంది? హెల్మెట్‌ పెట్టుకుని సిగ్నల్‌ దగ్గర వేడెక్కిన ఇంజన్ల మధ్య నిలబడేది అదే ఎండలో. స్పెయిన్‌లోని సెవిల్‌ నగరంలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ 2006లో మొదలుపెట్టి నాలుగైదేళ్లలో వంద కిలోమీటర్లకు పైగా, మోటారు బళ్ల నుంచి వేరుచేసిన, ఒకదానితో ఒకటి కలిసే సైకిల్‌ దారులు వేశారు. అంతకుముందు రోజుకు కొన్ని వేలుగా ఉన్న సైకిల్‌ ప్రయాణాలు అరవై వేలు దాటాయి. ఎండ అదే, ఊరు అదే, మారింది దారి. మనకు సెవిల్‌కు లేని సదుపాయం కూడా ఉంది: ఊరి మధ్య నుంచి పారే మూడు కాలువలు. కాలువ గట్టు వెంట చెట్లు పెంచితే నీడ, నీటి మీది గాలి, తక్కువ కూడళ్లు, మూడూ ఒకచోట దొరుకుతాయి. గట్ల మీద గుడిసెలు వేసుకుని బతుకుతున్న కుటుంబాలున్నాయి, సైకిల్‌ దారి పేరుతో వాళ్లను వెళ్లగొట్టడం అన్యాయం. ఖాళీగా ఉన్న గట్లతో మొదలుపెట్టవచ్చు. నిజానికి ఈ ఊళ్లో ఎండ వాదన అందరికన్నా ముందు ఎవరి తరఫున వినిపించాలంటే, వేరే దిక్కులేక ఇప్పటికే ఎండలో తొక్కుతున్న కూలీ తరఫున. అతనికి చెట్టు నీడ, తాగే నీరు కావాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ప్రాణభయం. ఇందులో నిజం పాలు ఎక్కువ, కానీ ప్రమాదం ఎక్కడి నుంచి వస్తోందో జాగ్రత్తగా చూడాలి. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మోటారు ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. సైకిళ్ల మీద వెళ్తూ చనిపోయినవారు దాదాపు మూడు శాతం. సైకిళ్లు తక్కువ దూరం తిరుగుతాయి కనుక ఈ అంకెలు పక్కపక్కన పెట్టి సైకిలే భద్రమని తేల్చేయలేం. అయితే భద్రత కోసమని సైకిల్‌ మాని బైకెక్కినవాళ్లు భద్రమైన చోటికి చేరలేదని మాత్రం ఈ లెక్క చెబుతోంది. ఆ ఏడాది మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని నమోదైంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 30 మీద వచ్చేదానికన్నా నాలుగింతల శక్తితో గుద్దుతుంది. నడిచేవారు, సైకిళ్లు, మోటారు బళ్లు కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని 2020లో రోడ్డు భద్రతపై ప్రపంచ దేశాల మంత్రులు చేసిన స్టాక్‌హోమ్‌ ప్రకటన కోరింది. దాని పక్కన బందరు రోడ్డులో సైకిల్‌కు మిగిలే ఎడమ అంచును పెట్టి చూడండి. కొట్టుకొచ్చిన ఇసుక, రోడ్డు కన్నా ఒక బెత్తెడు కిందికో పైకో ఉన్న మ్యాన్‌హోల్‌ మూత, అడ్డంగా ఆపిన ఆటో, చూడకుండా తెరిచే కారు తలుపు, స్టాపు దగ్గర పక్కకు ఒరిగే బస్సు. వీటిని తప్పించుకోవడానికి సైకిల్‌ మనిషి ఒక మూర కుడికి జరిగితే వెనక నుంచి హారన్‌ మోగుతుంది. అలా జరిగిన క్షణంలో గుద్దుకుంటే తప్పు అతనిదే అంటాం.

రోడ్లు ఇరుకు, సైకిల్‌కు వేరే దారి ఎక్కడ తెస్తారని అడుగుతారు. బీసెంట్‌ రోడ్డు, వన్‌టౌన్‌ సందుల్లాంటి చోట్ల ప్రత్యేక దారి అక్కర్లేదు, బళ్ల వేగం తగ్గిస్తే చాలు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటి పెద్ద రోడ్లకే వేరు దారి అవసరం. మూడున్నర మీటర్ల వెడల్పున్న రోడ్డు మీద గంటకు కార్లలో అయితే సుమారు 2,000 మంది, సైకిళ్ల మీద అయితే 14,000 మంది పోగలరని రవాణా నిపుణుల అంచనా. ఇరుకే సమస్య అయితే, అంత తక్కువ చోటులో అంతమందిని దాటించే వాహనానికే ముందు చోటివ్వాలి. సైకిల్‌ మన సంస్కృతిలో లేదు, అది నెదర్లాండ్స్‌ వంటి దేశాలకే చెల్లిందనే మాట కూడా చరిత్రకు నిలబడదు. 1971లో ఆ దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించారు, 1973 చమురు సంక్షోభం కూడా తోడైంది, ఆ తర్వాతే అక్కడ సైకిల్‌ దారులు విస్తరించాయి. మనకు దగ్గర్లోని హైదరాబాద్‌ మరో పాఠం నేర్పుతుంది. ఔటర్‌ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్‌ పలకల కప్పుతో సైకిల్‌ ట్రాక్‌ వేసి 2023 అక్టోబరులో ప్రారంభించారు. ఉదయపు వ్యాయామానికి అది బాగుంటుంది, అమీర్‌పేట నుంచి కోఠికి పనికి వెళ్లేవారికి దానితో పని పడదు. ఇల్లు, పని, బడి, బజారు ఉన్న చోట వేసిన దారే రోజువారీ ప్రయాణాన్ని మారుస్తుంది.

పొగ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. విజయవాడ గాలి ప్రమాణాలకు తగ్గట్టు లేదు, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఈ నగరం ఉంది. అయితే కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో వేసిన లెక్క ప్రకారం, ఢిల్లీ లాంటి గాలిలో కూడా వారానికి ఐదు గంటలకు మించి తొక్కితేనే పొగ వల్ల నష్టం వ్యాయామం వల్ల వచ్చే లాభాన్ని దాటుతుంది. మన గాలి అంత చెడ్డది కాదు, మన ప్రయాణం అంత పొడుగూ కాదు. ఎలక్ట్రిక్‌ స్కూటర్లు వస్తున్నాయి కదా అనేవారున్నారు. అవి పొగ తగ్గిస్తాయి, మంచిదే. రద్దీని, వేగాన్ని, పార్కింగ్‌ ఇరుకును తగ్గించవు, ఒంటికి కదలిక ఇవ్వవు.

సైకిల్‌ పేదవాడి బండి అన్న చిన్నచూపు మాత్రం వాదనతో పోదు. కుర్రాడు ఉద్యోగంలో చేరగానే ఇంట్లోవాళ్లు వాయిదాల మీద బైకు కొనిపెట్టడం మర్యాదగా మారింది. ఆ మర్యాద ఖరీదు చూడండి. రోజుకు పది కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకే నెలకు ఐదు వందలు దాటుతుంది, వాయిదా, బీమా, మరమ్మతులు వేరు. ఆడపిల్లల విషయంలో సైకిల్‌ చేసిన మేలుకు రుజువులున్నాయి. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని కార్తీక్‌ మురళీధరన్, నిశిత్‌ ప్రకాశ్‌ల అధ్యయనం చూపింది. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు పంచింది. డెల్టా పల్లెల్లో కాలువ గట్ల మీద బడికి సైకిల్‌ తొక్కిన పిల్ల విజయవాడ కాలేజీలో చేరగానే ఆటో ఎక్కాల్సి వస్తోందంటే, ఆమెకు సైకిల్‌ చేతకాక కాదు. నగరం ఆమెకు దారి ఇవ్వలేదు.

2020లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ నగరాల మధ్య సైకిల్‌ పోటీ పెట్టినప్పుడు వందకు పైగా నగరాలు పేర్లు ఇచ్చాయి, చివరికి ఎంపికైన పదకొండింటిలో వరంగల్‌ ఉంది. విజయవాడ అంతకన్నా చదునైన ఊరు. నగరపాలక సంస్థ బందరు కాలువ గట్టు మీద ఖాళీగా ఉన్న మేర ఒక సైకిల్‌ దారి వేసి, దాన్ని బస్టాండుకు కలిపి, బస్టాండులోనూ రైల్వేస్టేషన్‌లోనూ నీడ ఉన్న సైకిల్‌ స్టాండ్లు పెట్టి, ఇళ్ల మధ్య వీధుల్లో 30 కిలోమీటర్ల వేగ పరిమితి అమలు చేయాలి. ఫ్లైఓవర్లకు అయ్యే ఖర్చు ముందు ఇది లెక్కలోకే రాదు. మీ ఇంటి నుంచి పనికి ఐదు కిలోమీటర్లలోపే అయితే, సైకిల్‌ మీద వెళ్లడానికి మీ దారిలో ఏ మలుపు, ఏ కూడలి అడ్డమో రాసి నగరపాలక సంస్థకు అర్జీ పెట్టండి.