ఉంగరాల జుట్టు లోపం కాదు, అమానత్

ఉర్దూ గజల్ చెప్పిన కవుల్లో జుల్ఫ్‌ను పొగడనివారు అరుదు. జుల్ఫ్‌లోని మెలికలను, వంపులను వారు శతాబ్దాలుగా వర్ణిస్తూ వచ్చారు. తెలుగువారు సైతం అటువంటి జుట్టుకు 'ఉంగరాల జుట్టు' అని ఒక ఆభరణం పేరే పెట్టారు. కాని కవిత్వంలో మెచ్చుకున్న ఆ మెలికలే మన ఇంట్లో, మన బిడ్డ తలపై కనిపిస్తే మన మాట మారిపోతుంది. "పిచ్చుక గూడు" అంటాం. "దువ్వెన విరిగిపోతుంది" అని విసుక్కుంటాం. అమ్మాయిని చూడడానికి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే చాలు, వేల రూపాయలు చేతిలో పెట్టి, జుట్టు సాపు చేయించుకు రమ్మని బ్యూటీ పార్లర్‌కు పంపుతాం. తన తలపై ఉన్నది సిగ్గుపడవలసిన వస్తువని ఆ బిడ్డ అలా మన ఇంట్లోనే, మన నోటి నుంచే నేర్చుకుంటుంది.

ఉంగరాల జుట్టు రోగం కాదు, లోపం అంతకంటే కాదు. దానికి కావలసింది చికిత్స కాదు, పోషణ. ఆ పోషణ ఎలా చేయాలో తెలియకపోవడం వల్లనే ఇన్ని తిప్పలు.

అల్లాహ్ ప్రసాదించిన వైవిధ్యం

మనుషుల భాషల్లో, రంగుల్లో ఉన్న వైవిధ్యం తన నిదర్శనాల్లో ఒకటని దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 22వ ఆయత్‌లో అల్లాహ్ తెలియజేశాడు. జుట్టులోని వైవిధ్యమూ అటువంటిదే. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి జుట్టు గట్టిగా చుట్టుకుపోయిన రింగులు గానీ, బొత్తిగా సాపైనది గానీ కాదని, రెండింటికీ మధ్యస్థంగా ఉండేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది. జుట్టు ఉన్నవారు దాన్ని గౌరవంగా చూసుకోవాలని ప్రవక్త (స) ఉపదేశించారు. చింపిరి జుట్టుతో ఉన్న ఒక వ్యక్తిని చూసి, తల సర్దుకోవడానికి ఇతనికి ఏమీ దొరకలేదా అని ప్రశ్నించారు. ఇందులో ఒక విషయం గమనించాలి. ఆయన ఆ మనిషిని జుట్టు సర్దుకోమన్నారే గాని, అది అలా పుట్టినందుకు తప్పుపట్టలేదు. మరో హదీస్‌లో రోజూ తల దువ్వుకుంటూ కూర్చోవద్దని, రోజు విడిచి రోజు దువ్వుకోవడం మేలని కూడా సెలవిచ్చారు. నిర్లక్ష్యం వద్దు, అదే లోకమనీ అనుకోవద్దు. ఉంగరాల జుట్టు సంరక్షణకు ఈ మధ్యేమార్గం చక్కగా సరిపోతుంది.

రింగు ఎలా పుడుతుంది?

వెంట్రుక కుదురు చర్మంలో నిటారుగా ఉంటే వెంట్రుక సాపుగా వస్తుంది. కుదురే వంకరగా ఉంటే వెంట్రుక మెలిక తిరుగుతుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం. చిన్నప్పుడు సాపుగా ఉన్న జుట్టు యుక్తవయసులో రింగులు తిరగడం కూడా ఉంటుంది. అది చూసి తల్లులు కంగారుపడనవసరం లేదు.

తల చర్మం నుంచి సహజంగా ఊరే జిడ్డు సాపు వెంట్రుక మీదుగా సులువుగా కిందికి జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద అది కొసల దాకా చేరలేదు. అందుకే ఉంగరాల జుట్టు త్వరగా పొడిబారుతుంది, ప్రతి వంపు దగ్గరా పెళుసుగా ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకుంటే సగం సమస్య తీరినట్లే. ఈ జుట్టుకు తేమ ఎక్కువ కావాలి, లాగుడు తక్కువ కావాలి.

ఈ జుట్టులోనూ రకాలున్నాయి. కొందరిది అలలు అలలుగా ఉంటుంది, కొందరిది ఉంగరాలుగా, ఇంకొందరిది బిగుతైన స్ప్రింగులుగా ఉంటుంది. మూడో రకాన్ని చూడడానికి మన హైదరాబాదీలు దూరం వెళ్లనక్కర లేదు. నిజాం ఆఫ్రికన్ అశ్వదళం పేరు మీద వెలసిన ఏసీ గార్డ్స్‌లో ఆ సిద్దీ సైనికుల సంతతి నేటికీ ఉంది. ఇటువంటి జుట్టు వెనక ఉన్న మేలును 2023లో అమెరికాలోని పెన్ స్టేట్, బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి చూశారు. ఒక బొమ్మ తలకు రకరకాల విగ్గులు తొడిగి ఎండవంటి వెలుతురులో ఉంచగా, బిగుతైన రింగుల జుట్టే తలను ఎండ వేడి నుంచి అన్నిటికన్నా బాగా కాపాడిందని తేలింది. మనం పిచ్చుక గూడు అంటున్నది నిజానికి సృష్టికర్త ఇచ్చిన గొడుగు.

తలస్నానం రోజున

వారానికి ఒకటి రెండు సార్లు తలస్నానం సరిపోతుంది. స్నానానికి ఒక గంట ముందు, లేదా ముందురోజు రాత్రి, కొబ్బరినూనెను జుట్టు పొడవునా, ముఖ్యంగా కొసలకు పట్టించాలి. 2003లో మన దేశ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి చూడగా, వెంట్రుకలోని ప్రోటీను నష్టాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అయితే చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె దట్టించి రాత్రంతా ఉంచడం మంచిది కాదు. చుండ్రుకు కారణమయ్యే సూక్ష్మజీవి జిడ్డు మీదనే బతుకుతుంది.

షాంపూ అయినా, కుంకుడు రసమైనా మాడుకే రుద్దాలి. కిందికి జారే నురగతో పొడవాటి జుట్టు శుభ్రపడుతుంది. కుంకుడు రసం పలుచగా వాడి, ఆ తర్వాత నలిపిన మందారాకుల జిగురు పట్టిస్తే జుట్టు మెత్తబడుతుంది. షాంపూ వాడేవారు కండిషనర్‌ను మాడుకు కాకుండా జుట్టు పొడవుకు రాయాలి. బోరు నీటిలో ఉప్పులు ఎక్కువైతే జుట్టు బిరుసెక్కుతుంది. అటువంటి చోట ఆఖరి రెండు చెంబులైనా మంచినీళ్లు పోసుకోవడం మేలు.

చిక్కు తీయవలసింది సరిగ్గా ఇప్పుడే. ఎండిన ఉంగరాల జుట్టును దువ్వితే రింగులు విడిపోయి చెదురుతాయి, వెంట్రుకలు తెగుతాయి. కండిషనర్ గానీ, మందార జిగురు గానీ జుట్టు మీద ఉండగానే ముందు వేళ్లతో, తర్వాత పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా కుదుళ్ల వైపు రావాలి. పేలు పడిన పిల్లలకు కూడా ఇదే పద్ధతి. చిక్కు పూర్తిగా తీశాక, తడి జుట్టు మీదనే పేల దువ్వెన నడపాలి.

చిక్కు తీసేటప్పుడు గుప్పెడు వెంట్రుకలు ఊడాయని చాలామంది భయపడతారు. ఎవరి తలనుంచైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. ఉంగరాల జుట్టులో అవి కిందపడకుండా రింగుల్లో చిక్కుకుని ఉండి, దువ్విన రోజున ఒక్కసారిగా బయటపడతాయి.

ఆరబెట్టడం, తీర్చిదిద్దడం

గరుకు తువ్వాలుతో రుద్దకండి. పాత నూలు లుంగీనో, పల్చబడిన చొక్కానో తీసుకుని జుట్టును నొక్కి తడి పిండాలి. జుట్టు ఇంకా తడిగా ఉన్నప్పుడే రెండు మూడు చుక్కల నూనె గానీ, అవిసె గింజల జిగురు గానీ అరచేతుల్లో పరచుకుని రాయాలి. ఈ జిగురు ఇంట్లోనే తయారవుతుంది. రెండు చెంచాల గింజలను ఒక గ్లాసు నీళ్లలో సన్నని మంట మీద మరిగించి, కోడిగుడ్డు తెల్లసొనలా చిక్కబడగానే వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఫ్రిజ్‌లో ఉంచితే వారం దాకా నిలుస్తుంది.

తర్వాత కొసలను పిడికిట్లోకి తీసుకుని కిందినుంచి పైకి నొక్కుతూ వదలాలి. ఆపైన పూర్తిగా ఆరేదాకా జుట్టును ముట్టుకోకూడదు. తడిసినప్పుడు వెంట్రుకలోని కొన్ని బంధాలు సడలి, ఆరేటప్పుడు మళ్లీ బిగుసుకుంటాయి. ఆ బిగుసుకునే సమయంలో కదిలిస్తే రింగు కుదురుకోదు, జుట్టు పొగలా లేస్తుంది. ఆరాక తల వంచి నెమ్మదిగా విదిలిస్తే చాలు. రాత్రి వదులుగా ఒక జడ అల్లుకుని, తలగడ మీద పాత పట్టు దుపట్టా పరచుకుంటే ఉదయానికి చిక్కు పడదు.

వుజూ, గుస్ల్, దుపట్టా

జడ విప్పితే మళ్లీ అల్లడానికి గంట పడుతుందని చాలామంది ఆడపిల్లలు బాధపడుతుంటారు. బిగువుగా జడ అల్లుకునే హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఇదే సందేహాన్ని ప్రవక్త (స) ముందుంచారు. జనాబత్ గుస్ల్ కోసం జడ విప్పనవసరం లేదని, తలపై మూడు దోసిళ్ల నీరు పోసుకుంటే చాలునని ఆయన సమాధానమిచ్చారు. నీరు కుదుళ్లకు చేరేలా మాత్రం చూసుకోవాలి. వుజూలోనూ మసహ్ అంటే తడి చేతిని తలపై నడపడమే. జుట్టును రుద్ది తడపడం కాదు. కనుక ఉంగరాల జుట్టు నమాజుకు అడ్డం కాదు, నమాజు ఆ జుట్టుకూ ఇబ్బంది కాదు.

దుపట్టా, హిజాబ్ వేసుకునేవారు తడి జుట్టు మీద వేసుకోవద్దు. తేమ నిలిచి దురద, వాసన వస్తాయి. ముడి ప్రతిరోజూ ఒకే చోట బిగించి కడితే నుదుటి అంచున జుట్టు పల్చబడుతుంది. చాలాకాలం అలాగే సాగితే అక్కడ తిరిగి మొలవకపోవచ్చు. ముడి స్థానం మారుస్తూ, ఇంట్లో ఉన్నప్పుడు జుట్టును వదులుగా ఉంచుకోవడం అవసరం.

సాపు చేయించే ముందు

పార్లర్‌లో చేసే స్ట్రెయిటెనింగ్ కుదురును మార్చలేదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొత్తగా వచ్చేది మళ్లీ ఉంగరాలతోనే వస్తుంది. అంటే ఈ ఖర్చుకు అంతం లేదు. ఖర్చు మాట అటుంచి ఆరోగ్యం సంగతి చూడండి. 'కెరాటిన్' పేరుతో జరిగే కొన్ని చికిత్సల్లో వేడి ఇస్త్రీ తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే నిర్ధారించింది.

2022 అక్టోబరులో వెలువడిన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం 33,497 మంది మహిళలను సుమారు 11 ఏళ్లు గమనించింది. జుట్టు సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమని, తరచూ వాడినవారిలో 4.05 శాతమని అంచనా వేసింది. ఈ రెండింటికీ సంబంధం కనిపించిందే గాని, ఆ మందులే కారణమని ఈ అధ్యయనం తేల్చలేదు. అయినా ఇది ఆలోచించవలసిన తేడా. ఇక 2024లో ఫ్రెంచి వైద్యులు ఒక 26 ఏళ్ల యువతి గురించి వైద్య పత్రికలో రాశారు. 2020, 2021, 2022 సంవత్సరాల్లో ఆమె మూడుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించుకోగా, మూడుసార్లూ ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆమెకు వాడిన క్రీములో గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉందని వారు కనుగొన్నారు. 'ఫార్మాల్డిహైడ్ లేదు' అన్న చీటీ చూసి నిశ్చింత పడడానికి లేదని దీనితో తెలుస్తోంది.

సాపు చేయించుకోవడం ధర్మసమ్మతమా, కాదా అన్న మసలా ఉలమాలను అడిగి తెలుసుకోవలసినది. మేము అడుగుతున్నది వేరు. మన బిడ్డ శరీరం మన దగ్గర అల్లాహ్ ఉంచిన అమానత్. నలుగురి కళ్ల కోసం దాన్ని హానికి అప్పగించే హక్కు మనకెక్కడిది? పెళ్లికి ముందు సాపు చేయించి చూపించిన జుట్టు, పెళ్లయిన ఆరు నెలలకు ఎలాగూ తన రూపం తాను చెబుతుంది. ఉన్నది ఉన్నట్లు చూసి మెచ్చుకున్న ఇంట్లోనే ఆ బిడ్డ తల ఎత్తుకుని బతుకుతుంది.

నూనె, జిగురు, దువ్వెన అన్నీ కావలసినవే. వాటికన్నా ముందు ఇంట్లో మాట మారాలి. రేపు తలస్నానం వేళ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని చిక్కు తీసే తల్లి, "ఏం జుట్టే నీది!" అని విసుక్కునే బదులు, "మీ నానమ్మ జుట్టు ఇలాగే ఉండేది, ఎంత ముచ్చటగా ఉండేదో" అని చెప్పగలిగితే, ఏ పార్లరూ ఇవ్వలేని అందం ఆ పిల్ల ముఖంలో కనిపిస్తుంది.