చక్రానికి కదిలే చోటుంచండి

"అన్నా, టైరుకీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టకూడదు." లంజిపల్లిలో మా షెడ్డుకి కాయిలోవర్లు వేయించుకుందామని వచ్చే కుర్రాళ్లలో ఎక్కువ మంది ముందుగా అనే మాట ఇది. చేతిలో ఫోను, ఫోనులో నేలకి అతుక్కుపోయినట్టున్న కారు ఫొటో. వాళ్ల ఉత్సాహమంటే నాకిష్టం. బరంపురంలో కారు నడక గురించి ఇంత ఆశగా మాట్లాడుకునే కుర్రాళ్లు మా రోజుల్లో కనపడేవారు కాదు. నేను మాత్రం వాళ్లని ఇంకో సంగతి అడుగుతాను: "బాబూ, అంత దించాక చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగులుతుంది?" దానికి జవాబు తెలియకుండా లక్ష రూపాయల సామాను కొనకూడదు. నేను రాస్తున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

షాకబ్జార్బరుని నడిమధ్యన పెట్టి, దాని చుట్టూ స్ప్రింగు బిగించి, రెండూ కలిసి ఒకే ముక్కగా పనిచేసేలా చేస్తే అది కాయిలోవర్. ఈ అమరిక నిన్నమొన్నటిది కాదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో రూపమిచ్చిన స్ట్రట్ 1950 నాటికే ఫోర్డ్ కార్లలోకి వచ్చేసింది. మన స్విఫ్టు, పోలో ముందు చక్రాల దగ్గర ఇప్పుడు ఉన్నదీ అదే. బజారులో కాయిలోవర్ కిట్టని అమ్మేదానిలో అదనంగా ఉండేవేమిటంటే, ఒంటినిండా మర ఉన్న గొట్టం, తిప్పితే ఎత్తు మారే కాలర్, కంపెనీదానికంటే గట్టి స్ప్రింగు, కాస్త మంచి కిట్టయితే షాకబ్జార్బరు బిగువు మార్చుకునే నాబ్. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంటలో పడి లేచాక ఆ స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపేది షాకబ్జార్బరు. ఊగే శక్తిని లోపలి ఆయిల్ వేడిగా మార్చేస్తుంది.

ఈ కిట్లు కొనేవాళ్లు చెప్పే కారణం ట్రాకు. మా వైపు ట్రాకంటే మద్రాసు ట్రాకే. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లది, 1990 నుంచీ నడుస్తోంది. 3.717 కిలోమీటర్ల చుట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మా తాతల కాలంలో చదువుకీ ఉద్యోగానికీ మద్రాసే పోయేవారట, ఇప్పుడు మా కుర్రాళ్లు కారు తోలడానికి పోతున్నారు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు తెలుగువాళ్లమంతా సంబరపడ్డాం. అయితే అది రేసు కోసం కొద్దిరోజులు మూసిన ఊరి రోడ్డు, మన కారు తోలే చోటు కాదు.

ఇక లెక్క వేయండి. ఇక్కడినుంచి ఆ ట్రాకుకి జాతీయ రహదారి 16 మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ రెండు వేలు. అక్కడ ఒక రోజులో ఇరవై చుట్లు కొట్టారనుకున్నా డెబ్బై అయిదు కిలోమీటర్లు కూడా కాదు. ట్రాక్ కోసమని కొన్న సస్పెన్షన్ తన బతుకంతా గడిపేది రోడ్డు మీదే. ఇచ్ఛాపురం, టెక్కలి, నరసన్నపేట దాటుకుంటూ, వంతెనల అతుకుల మీదుగా, పక్క సీట్లో మనిషితో, డిక్కీలో స్పేర్ చక్రాలతో. ఆ రెండు వేల కిలోమీటర్లు హాయిగా నడవని కిట్టు మిగతా డెబ్బై అయిదు కోసం కొనదగ్గది కాదని నా తీర్పు.

చోటు సంగతి అంకెల్లో చెబుతాను, దాన్ని మించి నచ్చజెప్పే మార్గం నాకు దొరకలేదు. కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రం పైకి కదిలి బంప్ స్టాప్ అనే రబ్బరు ముద్దని తాకడానికి 80 మిల్లీమీటర్లు ఉందనుకోండి. పాత గొట్టం పొడవు అలాగే ఉంచి కారుని 50 దించితే మిగిలేది 30. మిల్లీమీటరు నొక్కడానికి 4 కిలోల బరువు పట్టే స్ప్రింగు వేశారనుకుంటే, 30 మిల్లీమీటర్లు నొక్కడానికి 120 కిలోలు చాలు. పోలో లాంటి కారులో ఒక్కో ముందు స్ప్రింగు మీద దాదాపు 300 కిలోలు ఎప్పుడూ ఉంటుంది. అంటే అందులో సగమైనా అదనంగా పడకముందే స్ప్రింగు పని అయిపోయి ఆ రబ్బరు ముద్ద మీద కారు కూర్చుంటుంది. అలాంటి దెబ్బ ఓ మోస్తరు గుంటలోనే తగులుతుంది. ఇక ట్రాకు మీద గట్టిగా బ్రేకు కొట్టి వంపులోకి తిప్పినప్పుడు బయటి చక్రం మీద పడే బరువైతే ఇంతకంటే ఎక్కువే. రబ్బరు తాకిన క్షణాన ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా పెరిగిపోతుంది, టైరు పట్టు వదులుతుంది. తోలేవాడు టైర్లను తిట్టుకుంటాడు. తప్పు టైరుది కాదు.

అందుకే మంచి కిట్లలో గొట్టం పొడవునే తగ్గిస్తారు, లేదా అడుగు బ్రాకెట్‌ని పైకీ కిందికీ తిప్పి ఎత్తు మార్చే ఏర్పాటు చేస్తారు. అప్పుడు కారు దిగినా షాకబ్జార్బరు లోపలి కదలిక చెక్కుచెదరదు. అయినా టైరు లోపలి ఫెండర్‌కి తగలకుండా, డ్రైవ్‌షాఫ్టు కోణం తిరగబడకుండా చూసుకోవాల్సిందే. మర ఉంది కదా అని చివరిదాకా తిప్పేయడం కాదు.

ఇంకోటుంది, చాలామంది పట్టించుకోనిది. బండి కిందికి వంగి, చక్రాన్ని బండి అడుగుకి కలిపే లోయర్ ఆర్మ్‌ని చూడండి. బయటి చివర, అంటే చక్రం వైపు, లోపలి చివరతో సమంగానో కాస్త కిందికో ఉండాలి. కారుని మరీ దించితే బయటి చివర పైకి లేచిపోతుంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో అలా జరిగితే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు నేల వైపుకి, ఒక్కోసారి నేల కిందికి కూడా దిగిపోతుంది. కారు బరువు కేంద్రం దిగినదానికంటే ఇది ఎక్కువ దిగుతుంది. దాంతో రెండింటి మధ్య దూరం పెరిగి, దించిన కారు వంపులో మునుపటికంటే ఎక్కువ ఒరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి మళ్లీ గట్టి స్ప్రింగు, ఆ స్ప్రింగుకి మళ్లీ గట్టి షాకబ్జార్బరు. కారు మన నడుము మీద పగ తీర్చుకునే వరస అక్కడ మొదలవుతుంది. ముందు 20 నుంచి 25 మిల్లీమీటర్లు దించితే చాలు. మా షెడ్డులో అంతకుమించి దించమంటే నేను ఒప్పుకోను.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయాక పాత బండ్లకి గిరాకీ పెరిగింది. దాని ముందు స్ట్రట్ గొట్టం చక్రపు హబ్‌లో దూరి బిగుస్తుంది. అక్కడ రెండు బోల్టులు సడలించి చక్రం వాలు, అంటే క్యాంబర్, మార్చుకునే వీలు లేదు. కాబట్టి క్యాంబర్ మార్చుకోవాలంటే పై మౌంటులోనే సర్దుబాటు ఉన్న కిట్టు ఎంచుకోవాలి. వెనక సంగతి మరీ వేరు. అక్కడ స్ప్రింగొక చోట, షాకబ్జార్బరొక చోట. పెట్టె మీద కాయిలోవర్ అని రాసి ఉన్నా వెనక్కి వచ్చేది ఎత్తు మార్చే కప్పుతో ఒక స్ప్రింగు, విడిగా ఒక షాకబ్జార్బరు. అందులో మోసమేమీ లేదు, బండి కట్టుబడే అంత.

స్ప్రింగు ఎంత గట్టిది కావాలి? ఇంజనీర్లు దీన్ని ఊగుడుతో కొలుస్తారు, సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందని. ఇంటి కారు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. రేసు కారు రెండు, రెండున్నర దాకా పోతుంది. ముందు చెప్పిన 300 కిలోల మీద 4 కిలోల స్ప్రింగు వేస్తే 1.8 వస్తుంది, 6 కిలోలదైతే 2.2 దాటుతుంది, 8 కిలోలదైతే 2.5 దాటుతుంది. వెనక సీట్లో అమ్మానాన్నలు కూర్చునే బండికి నాలుగు చాలు, అయిదు దాటనివ్వకండి. ఆరు నుంచి పైన ట్రైలర్ మీద ట్రాకుకి పోయే బండ్ల లెక్క. తప్తపాణి ఘాటీలో ఒక్కసారి తోలి చూస్తే ఈ తేడా చేతికి తెలుస్తుంది. గరుకు రోడ్డు మీద మరీ గట్టి బండి ప్రతి గతుకుకీ ఎగురుతుంది, ఎగిరిన టైరుకి పట్టుండదు. కాస్త మెత్తని బండి నేలని వదలకుండా వంపు దాటేస్తుంది.

డబ్బంతా పోయాల్సింది షాకబ్జార్బరులో. గొట్టంలో గొట్టం ఉండే రకం చౌక, మామూలు వాడకానికి బాగానే పనిచేస్తుంది. ఒకే గొట్టంలో ఆయిల్‌నీ, పీడనంతో నింపిన నైట్రోజన్‌నీ ఒక కదిలే పిస్టన్‌తో వేరుచేసే రకం మోనోట్యూబ్. బిల్‌స్టీన్ కంపెనీ దీన్ని 1957లో మెర్సిడెస్ బెంజ్ కోసం తయారీలోకి తెచ్చింది. ఆయిల్ బయటి గొట్టానికి నేరుగా తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, నురుగు కట్టదు. మద్రాసు ఎండలో చుట్టు మీద చుట్టు కొడుతుంటే ఆ తేడా మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో బయటపడుతుంది.

నాబ్‌ల విషయంలో మోజు వద్దు. కేడబ్ల్యూ వాళ్ల వేరియంట్ 1లో ఎత్తు ఒక్కటే మారుతుంది. 2లో స్ప్రింగు తిరిగి సాగేటప్పటి బిగువు కూడా మార్చుకోవచ్చు, 3లో నొక్కుకునేటప్పటిది కూడా. తైవాన్ బీసీ రేసింగ్ వాళ్ల బీఆర్ రకంలో 30 మెట్లున్న ఒకే నాబ్ రెండు బిగువుల్నీ కలిపి మారుస్తుంది. రోడ్డుకొకటి, ట్రాకుకొకటి పెట్టుకోవడానికి ఒక్క నాబ్ చాలు. నాలుగు చక్రాల దగ్గరా ఎన్ని మెట్లు తిప్పారో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రెండు నాబ్‌లున్న ఖరీదైన కిట్టు కొని ఎప్పుడూ తిప్పనివాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా టైర్లు వచ్చేవి.

మా ఊరికి ప్రత్యేకమైన శత్రువు ఉప్పుగాలి. గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. దానికి వానాకాలం బురద తోడైతే జింకు పూత పూసిన మరలు పట్టేసి కాలర్ కదలదు. సుత్తీ ఉలీ పెట్టి కొట్టి మరలు పాడుచేసుకుని వచ్చినవాళ్లున్నారు. స్టెయిన్‌లెస్ గొట్టం ఉన్న కిట్టు దొరికితే దానికే ఓటు. లేకపోతే ఎత్తు సర్దుకున్నాక మరలకి గ్రీజు పట్టించి, రబ్బరు తొడుగు వేసి, వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి విప్పి కడగాలి. సీల్ కారితే తిరిగి కట్టేవాళ్లు మన దేశంలో ఎక్కడున్నారు, విడి భాగాలు దొరుకుతాయా అన్నది కొనకముందే కనుక్కోవాలి. అది తెలియని కిట్టు ఎంత పేరున్నదైనా నేను బిగించను.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. కొనకముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగాక తెలియజేస్తే వినేవాళ్లుండరు.

బిగించేటప్పుడు లోయర్ ఆర్మ్ బుష్షుల బోల్టుల్ని చక్రాలు నేల మీద ఉండి, బండి తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంటు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ అలైన్‌మెంటు.

ఇంతకీ మొదటిసారి ట్రాకుకి పోయేవాళ్లకి కాయిలోవర్లే అక్కర్లేదు. మంచి టైర్లు, ట్రాకు వేడికి నిలిచే బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ఆయిల్ వేసుకుని, కంపెనీ సస్పెన్షన్‌తోనే పోయి రండి. మీ బండికి ఏం తక్కువైందో అక్కడ మీకే తెలుస్తుంది. ఆ తర్వాత కొనేటప్పుడు అమ్మేవాణ్ని నాలుగు సంగతులు అడగండి: స్ప్రింగు మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు పడుతుంది, కంపెనీ ఎత్తు కంటే 25 మిల్లీమీటర్లు దించితే బంప్ స్టాప్‌కి ఎంత చోటు మిగులుతుంది, ఎత్తు మారేది గొట్టంతోనా స్ప్రింగు కాలర్‌తోనా, సీలు మార్చేది ఎవరు. వీటికి అంకెలతో జవాబు చెప్పలేని దుకాణంలో డబ్బు కట్టకండి.